మందు వేరు, గుండు వేరు

0.32 మిల్లీమీటర్ల బుల్లెట్ ఎంత ఉంటుంది? గుండుసూది కాడ అంత లావు కూడా ఉండదు. దాన్ని తుపాకిలో పెట్టి కాల్చడం అటుంచి, వేళ్లతో పట్టుకోవడమే కష్టం. అయినా ఈ బుల్లెట్ మన ఇంగ్లిష్ రాతల్లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. నేను డెస్కులో కూర్చున్న రోజుల్లో నాలుగైదు సార్లు దాన్ని దారిలోనే పట్టుకున్నాను. ఒకసారి నా చేతుల మీదుగానే అచ్చయిపోయింది కూడా. జరిగేది ఇంతే. .32 అన్నది అంగుళాల లెక్క. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి అది 8 మిల్లీమీటర్ల పైచిలుకు. ముందున్న చుక్కను భద్రంగా ఉంచి, వెనకున్న అంగుళాన్ని పారేసి, అలవాటు కొద్దీ ‘ఎం.ఎం.’ తగిలిస్తే ఆ వింత పుడుతుంది. రాసినవాళ్లకు ఇంగ్లిష్ రాక కాదు. చేతిలో ఉన్న వస్తువేమిటో తెలియక.

ఈ సంగతి ఇబ్రహీంపట్నం నుంచి రాయడానికి కారణముంది. సాగర్ రోడ్డు మీది ఈ ఊరిని బయటివాళ్లు పెద్ద చెరువుతోనో, ఇంజనీరింగ్ కాలేజీల బస్సులతోనో గుర్తుపెట్టుకుంటారు గానీ, ఆయుధ పదజాలం ఇన్ని వైపుల నుంచి వచ్చి కలిసే చోటు రంగారెడ్డి జిల్లాలో మరోటి ఉండదేమో. నేషనల్ సెక్యూరిటీ గార్డ్ ప్రాంతీయ కేంద్రం ఇక్కడే ఉంది. ఉగ్రవాదాన్ని ఎదుర్కొనేందుకు 2007లో పుట్టిన ఆక్టోపస్ దళం శిక్షణా ఇక్కడే. క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్‌కు కంచన్‌బాగ్, భానూర్, విశాఖపట్నంతో పాటు ఇక్కడా యూనిట్ ఉంది. చుట్టుపక్కల కంకర క్రషర్లు, వాటికి రాయి అందించే క్వారీలు, అక్కడి పేలుళ్లు ఉన్నాయి. కోర్టు ఉంది. 2022 మార్చి 1న కర్ణంగూడ దగ్గర జరిగిన కాల్పుల్లో ఇద్దరు స్థిరాస్తి వ్యాపారులు చనిపోయినప్పుడు కొన్ని వారాల పాటు చాయ్ బండ్ల దగ్గర సైతం పిస్టల్, రౌండ్, బుల్లెట్ అన్న మాటలే వినిపించాయి. ఆ కేసు మంచిచెడ్డలు నాకిక్కడ విషయం కావు. ఆ మాటల్ని ఎవరు ఏ అర్థంతో వాడుతున్నారన్నదే విషయం.

ముందు వస్తువును విప్పి చూద్దాం. తుపాకిలో పెట్టేది బుల్లెట్ కాదు, కార్ట్రిడ్జ్. అందులో నాలుగు భాగాలుంటాయి. కింద ఇత్తడి గొట్టం, అదే కేస్. దాని అడుగున చిన్న టోపీలా ప్రైమర్. గొట్టం నిండా మందు. మూతిలో బిగించిన గుండు. ఈ నాలుగో భాగం పేరే బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను వెళ్లి ప్రైమర్‌ను కొడుతుంది, నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది, పుట్టిన వాయువు గుండును గొట్టంలోంచి తోసేస్తుంది. గుండు పోతుంది, కేస్ మిగులుతుంది. ‘జేబులో పది బుల్లెట్లు దొరికాయి’ అని ఇంగ్లిష్‌లో రాస్తే, తెలిసినవాడు పది సీసపు ముక్కలు దొరికాయనుకుంటాడు. మందూ లేదు, ప్రైమరూ లేదు, పేలదు.

ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు. మందుగుండు అన్న మాటను ఒకసారి విడదీసి చూడండి. మందు వేరు, గుండు వేరు, రెండూ కలిస్తేనే మందుగుండు. నోటిలోంచి మందు కూరి, గుండు వేసి, గజం కడ్డీతో దట్టించే తుపాకులున్న కాలంలో ఆ రెంటినీ విడివిడిగా మోసుకెళ్లేవారు కాబట్టి మాట కూడా అలాగే పుట్టింది. తరవాత ఆ రెంటినీ కొలత ప్రకారం ఒకే పొట్లంగా కట్టడం వచ్చింది. ఆ పొట్లానికి మనకున్న పేరు తూటా.

దీనికి సాక్ష్యం మన ఏడో తరగతి, ఎనిమిదో తరగతి చరిత్ర పాఠంలోనే ఉంది. 1857లో సిపాయిలు ఎందుకు తిరగబడ్డారంటే, ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలను పళ్లతో కొరకాల్సి వచ్చిందని చెబుతాం. ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటా కాగితం గొట్టం. ఒక కొసన మందు, మరో కొసన గుండు. కాగితం కొస కొరికి, మందును గొట్టంలో పోసి, గుండున్న భాగాన్ని దట్టించాలి. జిడ్డు ఆ కాగితానికే. ఇక్కడ తూటా అన్నచోట బుల్లెట్ అని పెట్టి చదవండి, కథ కుప్పకూలుతుంది. సీసాన్ని ఎవరు కొరుకుతారు? ఎందుకు కొరుకుతారు? ఇంగ్లిష్ మీడియం పిల్లలు పరీక్షల్లో ‘గ్రీజ్డ్ బుల్లెట్స్’ అని రాస్తే టీచర్లు టిక్కు పెట్టి వదిలేయడం చూశాను. పాఠ్యపుస్తకం కార్ట్రిడ్జ్ అనే చెబుతుంది. పిల్లలు సినిమాలో విన్న మాట రాస్తారు. తెలుగు మీడియంలో చదివిన వాళ్ల నాన్నను ఇదే ప్రశ్న అడిగితే తూటా అంటాడు, తెలియకుండానే సరైన జవాబు చెబుతాడు.

మరి తూటా అన్న మాట చెడిందెక్కడ? మన పత్రికల్లో, మన సినిమాల్లోనే. ‘తూటా ఛాతీలోంచి దూసుకుపోయింది’ అని రాయడం మొదలుపెట్టాక తూటాకూ గుండుకూ తేడా పోయింది. ఇప్పుడు తూటా అంటే బుల్లెట్, బుల్లెట్ అంటే తూటా. ఈ కలగాపులగం తెలుగులో ఉన్నంతసేపూ పెద్ద నష్టం లేదు, సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. దాన్ని అలాగే ఇంగ్లిష్‌లోకి దించినప్పుడే చిక్కు. గుండు మాటకు తెలుగులో ఇంకా చాలా పనులుండటం కూడా ఒక కారణమేమో. తిరుపతి వెళ్లొచ్చినవాడికీ గుండే, ఫిరంగి మింగేదీ గుండే. పైగా సాగర్ రోడ్డు మీద దడదడలాడే బండి పేరు కూడా బుల్లెట్. ఆ బండి కంపెనీ పేరులోని ఎన్‌ఫీల్డ్, 1857 తుపాకి పేరులోని ఎన్‌ఫీల్డ్, .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పేరులోనిదీ ఒకే ఊరు. లండన్‌కు ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లోనే ప్రభుత్వ తుపాకుల కార్ఖానా ఉండేది.

కోర్టు దగ్గరికొస్తే మాట తేడా అక్కడే ఆగదు. పంచనామా తెలుగులో రాస్తారు, అది పైకోర్టుకు వెళ్లేటప్పుడు ఇంగ్లిష్ అవుతుంది. నేరస్థలంలో దొరికింది గుండా, కేసా అన్నదాన్ని బట్టి అది చెప్పే సాక్ష్యం మారుతుంది. గుండు మీద తుపాకి గొట్టం లోపలి గాడుల గీతలు పడతాయి. కేస్ అడుగున పిన్ను కొట్టిన గుర్తు, పక్కన దాన్ని పట్టి లాగిన కొక్కెం గుర్తు ఉంటాయి. పిస్టల్ కాల్చగానే ఖాళీ కేసును బయటికి విసిరేస్తుంది. రివాల్వర్‌లో అది లోపలి చక్రంలోనే ఉండిపోతుంది. అందుకే రోడ్డు మీద రెండు ఖాళీ కేసులు పడి ఉన్నాయంటే కాల్చింది పిస్టల్‌తో అని మొదటి అంచనా వేస్తారు. అనువాదకుడు ఆ రెంటినీ ‘టూ బుల్లెట్స్’ అని దించేస్తే ఆ అంచనాకు ఆధారమే పోతుంది. రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి వచ్చిన నివేదికలో మాత్రం ఫైర్డ్ కార్ట్రిడ్జ్ కేస్ అని ఉంటుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, మీరు పట్టుకున్నది ఒకటి, ల్యాబ్‌కు పంపింది మరొకటి అని అడగడానికి డిఫెన్స్ వకీలుకు పెద్ద తెలివి అక్కర్లేదు.

‘లైవ్’ అన్న మాట కూడా కోర్టుల్లో ఎక్కువ కనిపిస్తుంది. కాల్చని, పేలగల తూటా లైవ్ కార్ట్రిడ్జ్. కాల్చేసింది ఎంప్టీ. పిన్ను కొట్టినా పేలనిది మిస్‌ఫైర్డ్. ‘లైవ్ బుల్లెట్’ అనేది నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. సీసం ముక్కకు చావేమిటి, బతుకేమిటి.

ఆయుధాల చట్టం, 1959 ఈ పదాల విషయంలో మనకన్నా జాగ్రత్తగా ఉంది, కానీ దాని అమ్యునిషన్ మనం ఊహించే దానికన్నా చాలా పెద్దది. తుపాకి తూటాలతో పాటు రాకెట్లు, బాంబులు, గ్రెనేడ్లు, షెల్స్, క్షిపణులు, ఫ్యూజులు, చివరికి అమ్యునిషన్ తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. చట్టం కళ్లతో చూస్తే భారత్ డైనమిక్స్ తయారుచేసే క్షిపణి కూడా అమ్యునిషనే. ఇందులోంచే ‘నిషిద్ధ అమ్యునిషన్’ అన్న విడి వర్గం తీశారు. గ్రెనేడ్లు, బాంబులు, షెల్స్ అందులోకి వస్తాయి. తేడా శిక్షలో కనిపిస్తుంది. 2019 సవరణ తరవాత లైసెన్సు లేకుండా మామూలు తూటాలుంటే 2 నుంచి 5 ఏళ్లు, నిషిద్ధ అమ్యునిషన్ ఉంటే 7 నుంచి 14 ఏళ్లు. ఇంగ్లిష్ కాగితంలో ‘షెల్’ అని ఒక మాట దొర్లిందనుకోండి. అది ఫిరంగి షెల్లా, కాల్చిపారేసిన తూటా చిప్పా? అమెరికన్ ఇంగ్లిష్‌లో అయితే వేట తుపాకి తూటాను మొత్తంగానే షెల్ అంటారు. మన పోలీసు ఇంగ్లిష్‌లో బాష్పవాయువు గోళం కూడా షెల్లే. నాలుగు వస్తువులకు ఒక్క మాట వాడితే, చదివేవాడు తనకు తెలిసినదే అనుకుంటాడు. షెల్ అని రాయాల్సి వస్తే ముందు ఒక విశేషణం పెట్టడం మేలు.

అదే చట్టంలోని 45వ సెక్షన్‌లో ‘ఆయుధాల, అమ్యునిషన్ చిల్లర భాగాలు’ అన్న మినహాయింపు ఉంది. విమానాశ్రయాల్లో సంచి అడుగున మరిచిపోయిన ఒకే ఒక్క తూటా బయటపడి కేసుల్లో చిక్కుకున్నవాళ్లు చాలామంది దీన్నే పట్టుకున్నారు. తుపాకి లేకుండా ఒంటరి తూటా ఆ చిల్లర భాగం కిందికే వస్తుందని ఢిల్లీ హైకోర్టు 2012లో ఒక తీర్పులో చెప్పింది. నిండు తూటా అమ్యునిషనా, దానిలో భాగమా అన్న ప్రశ్న మీద ఒకరి పాస్‌పోర్టు, ఉద్యోగం వేలాడాయన్నమాట. ఈ పదాల గొడవ భాషాభిమానుల సరదా అనుకునేవాళ్లు ఇలాంటి తీర్పు ఒకటి చదవాలి.

ఇక రౌండ్. మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే అని నా అభిప్రాయం. ఒక రౌండ్ అంటే ఒక్క తూటా, ఒక్కసారి కాల్చడం. ‘పోలీసులు గాల్లోకి మూడు రౌండ్లు కాల్పులు జరిపారు’ అని తెలుగులో రాస్తాం. ఇంగ్లిష్‌లో ‘ఫైర్డ్ త్రీ రౌండ్స్’ అంటే మూడే మూడు తూటాలు. ‘త్రీ రౌండ్స్ ఆఫ్ ఫైరింగ్’ అంటే మూడు విడతల కాల్పులు, విడతకు ఎన్నైనా ఉండొచ్చు. ముందుదాంట్లో సంయమనం, రెండోదాంట్లో వీరంగం. తెలుగులో రౌండ్ అనగానే చుట్టూ, దఫా అన్న అర్థాలు ముందు తోస్తాయి కాబట్టి, ఇంగ్లిష్‌లోకి తిప్పేటప్పుడు ‘ఆఫ్ ఫైరింగ్’ తనంతట తానే వచ్చి చేరుతుంది. తిరిగి ఆ ఇంగ్లిష్ వార్త చూసి తెలుగు రాసేవాడు ‘మూడు దఫాలుగా కాల్పులు’ అంటాడు. రాత్రికి రాత్రి మూడు తూటాలు ముప్పై అవుతాయి. గాల్లోకి కాల్చడాన్ని ‘ఏరియల్ ఫైరింగ్’ అనడం మరో ముచ్చట. తెలియనివాడు హెలికాప్టర్ నుంచి కాల్చారనుకుంటాడు. ‘ఫైర్డ్ ఇన్ ద ఎయిర్’ అంటే సరిపోయేదానికి.

అంకెల గొడవలో .32 దగ్గర మొదలుపెట్టాం, మిగతావి కూడా ఒక దరికి చేర్చాలి. తుపాకి కొలతలకు మూడు పద్ధతులున్నాయి, మూడూ మన దగ్గర వాడుకలో ఉన్నాయి. అంగుళాల్లో చెప్పేది మొదటిది. .303, .315, .32 అలాంటివి. ‘త్రీ నాట్ త్రీ’ అని పలికేటప్పుడు మధ్య సున్నాను గౌరవంగా నాట్ అంటాం గానీ మొదటి చుక్కను పలకనే పలకం. అందుకే రాతలో అది ముందుగా పోతుంది. మిల్లీమీటర్లలో చెప్పేది రెండోది. 9 ఎం.ఎం., ఇన్సాస్ రైఫిల్ వాడే 5.56, ఎస్ఎల్ఆర్, ఏకేలు వాడే 7.62. అచ్చంగా లెక్కిస్తే .30 అంగుళం అంటేనే 7.62 మిల్లీమీటర్లు. .315 అంటే 8 మిల్లీమీటర్లు. 7.62 అని ఊరికే రాస్తే చాలదు. ఏకే తూటా 7.62×39, ఎస్ఎల్ఆర్ తూటా 7.62×51. ఆ రెండో అంకె కేస్ పొడవు. ఒకదాని తూటా మరోదాంట్లో పట్టదు. మావోయిస్టుల లొంగుబాట్ల వార్తల్లో ఏకే, ఎస్ఎల్ఆర్, ఇన్సాస్, .303 అని జాబితా ఇచ్చి, తరవాత ‘7.62 రౌండ్లు’ అని ఒకే కుప్పగా పోస్తారు. అవి ఏ తుపాకివో ఆ వాక్యం చెప్పదు.

మూడోది బోర్. 12 బోర్ అంటే 12 మిల్లీమీటర్లు కాదు. ఒక పౌను సీసాన్ని సమానంగా పన్నెండు గోళీలు చేస్తే ఒక్కో గోళీ పట్టేంత గొట్టం, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందుకే 16 బోర్ అంటే 12 కన్నా చిన్నది. అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. కంసాలి దగ్గర పెరిగిన మా పెద్దలకు ఈ లెక్క చెబితే చిటికెలో పట్టుకునేవారు. 12 బోర్ తూటాలో సాధారణంగా ఉండేవి బుల్లెట్ కాదు, చిన్న సీసపు గుళ్లు. ఇంగ్లిష్‌లో పెల్లెట్స్ అనో షాట్ అనో రాయాలి. గ్రెయిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేయొచ్చు. తూటా పెట్టె మీద 115 గ్రెయిన్ అని ఉంటే మందు పలుకుల లెక్క కాదు, గుండు బరువు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. బార్లీ గింజ ఎత్తుగా మొదలైన తూకం అది. గురిగింజతో బంగారం తూచినవాళ్లకు ఇందులో వింతేముంది?

మ్యాగజైన్, క్లిప్ తేడా త్వరగా ముగించొచ్చు. తూటాలు వరుసగా పేర్చి ఉండి, స్ప్రింగుతో తుపాకికి అందించే పెట్టె మ్యాగజైన్. ఇన్సాస్‌లో 20, ఏకేలో సాధారణంగా 30 పడతాయి. క్లిప్ అన్నది తూటాల్ని కలిపి పట్టుకునే లోహపు పట్టీ. .303 రైఫిల్‌లోకి ఐదేసి తూటాలు దించడానికి వాడేది అదే. సినిమా ఇంగ్లిష్ రెంటినీ ఒకటి చేసింది. మ్యాగజైన్ మాట మాత్రం కాసేపు నిలబడి చూడదగ్గది. అరబీలో గోదాముకు మఖ్‌జన్ అంటారు. అది యూరప్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి ఆయుధాల గోదాము అయింది, తుపాకిలో తూటాల పెట్టె అయింది. 1731లో లండన్‌లో మొదలైన ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’తో రచనల గోదాము కూడా అయింది. వారపత్రికా, ఏకే పెట్టే ఒకే గోదాము నుంచి వచ్చాయి.

స్పెల్లింగ్ తప్పుల్లో రారాజు ఆర్డ్‌నెన్స్. మందుగుండు, ఆయుధ సామగ్రికి ఆర్డ్‌నెన్స్ అని పేరు. ఆర్డినెన్స్ అంటే అత్యవసర చట్టం. ఇంగ్లిష్‌లో మధ్య ఒక్క అక్షరం తేడా. తెలుగులో రెంటినీ ‘ఆర్డినెన్స్’ అనే రాసేస్తున్నాం కాబట్టి, ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ గురించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు అది గవర్నర్ సంతకం పెట్టే కాగితాలు తయారుచేసే కార్ఖానా అవుతుంది. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు ఈ తప్పు ఒక్క వారంలో ఎన్నిసార్లు కనిపించిందో! ఆ ఏడింటిలో ఒకదాని పేరు మ్యునిషన్స్ ఇండియా. మ్యునిషన్స్‌కు బహువచనం ఉంది, అమ్యునిషన్‌కు లేదు. ‘ఆర్మ్స్ అండ్ అమ్యునిషన్స్’ అని రాసేవాళ్లు ముందు మాటలోని బహువచనాన్ని వెనక మాటకూ అంటగడుతున్నారు. ఇసుకలు, పిండ్లు అన్నట్టుంటుంది.

తెలియనప్పుడు ఏం రాయాలి? నా సలహా మొరటుగా ఉంటుంది. పెద్ద మాట వాడండి. పిస్టలో రివాల్వరో ఖాయం కాకపోతే హ్యాండ్‌గన్ అనండి. దూరం నుంచి చూసిన ప్రతి పొడుగు తుపాకినీ ఏకే 47 అనకుండా రైఫిల్ అనండి, అదీ తెలియకపోతే ఫైరార్మ్ అనండి. తూటాయో గుండో తేలనప్పుడు అమ్యునిషన్ ఉంది. వివరం ఎక్కువ ఇస్తే నమ్మకం పెరుగుతుందనే భ్రమతోనే మన రిపోర్టర్లు అక్కర్లేని దశాంశ చుక్కల్లో పడుతున్నారు.

క్వారీల సంగతి మిగిలింది. బండలు పగలగొట్టడానికి వాడే జిలెటిన్ కడ్డీలు, డిటోనేటర్లు తుపాకి సామాను కావు. పల్లెల్లో వాటినీ తూటాలనే అంటారు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు అవి ఎక్స్‌ప్లోజివ్స్. వాటిని దాచే లైసెన్సు గోదాము పేరు మళ్లీ మ్యాగజైనే. 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్‌లో ఆ మాటే ఉంటుంది. క్వారీ కేసులో ‘మ్యాగజైన్ సీజ్ చేశారు’ అని చదివి ఏకే పెట్టె అనుకున్న ఒక కుర్ర సబ్ ఎడిటర్‌ను నేనెరుగుదును. శీర్షికలో నక్సల్స్ కూడా వచ్చేశారు, చివరి నిమిషంలో తీశాం. దీపావళికి పది రోజుల ముందు ఊళ్లో వెలిసే కొట్లకూ ‘మందుగుండు సామగ్రి’ అనే బోర్డు ఉంటుంది. కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు. నిఘంటువు తెరిచి మాటకు మాట పెడితే ఆ బోర్డు ఇంగ్లిష్‌లో అమ్యునిషన్ అవుతుంది. దాని లైసెన్సు మాత్రం క్వారీ మ్యాగజైన్ పక్కన, అవే ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్‌లో, ఫైర్‌వర్క్స్ అన్న పేరుతో ఉంటుంది.